కాఫీ పొడి ఆపిందా, చెయ్యి ఆపిందా?

ఈ వారం ఉత్తరం తూర్పుగోదావరి జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి వచ్చింది. రాసినవారు మండల పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు. ఇంట్లో భర్త, అత్తగారు, నాలుగున్నరేళ్ల బాబు ఉంటారు. ఐదు వారాల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు వంటింటి గచ్చు కడిగారు. ఆ తడి ఆరకముందే బాబు పరుగెత్తుకుంటూ వచ్చి జారిపడి, గట్టు మూలకు నుదురు కొట్టుకున్నాడు. ఎడమ కనుబొమ్మ పైన సుమారు 3 సెంటీమీటర్ల మేర చర్మం చీలి, రక్తం కంట్లోకీ చొక్కా మీదికీ కారింది. ఉత్తరం రాసిన తల్లి తువ్వాలు తెచ్చి అద్దారు గాని, ఆగిందో లేదోనని పది పదిహేను సెకన్లకొకసారి తీసి చూస్తూనే ఉన్నారు. తీసినప్పుడల్లా రక్తం మళ్లీ ఉబికేది. చివరికి చేతులు వణికి, కాళ్లు కదలక గోడకు చేరబడిపోయారు. అప్పుడు అత్తగారు బాబును ఒళ్లోకి లాక్కుని, గుప్పెడు కాఫీ పొడి గాయంలో కూరి, చీర కొంగుతో అదిమి పట్టుకున్నారు. కాసేపటికి రక్తం ఆగింది.

అరగంటకు భర్త వచ్చి, బాబును స్కూటరు మీద ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన టీటీ ఇంజెక్షన్ వేసి, గాయం మీద దూది పెట్టి ప్లాస్టర్ అంటించి పంపారు. మర్నాడు ఉదయం ప్లాస్టర్ తీసి చూస్తే గాయం నోరు తెరుచుకుని, లోపల గోధుమరంగు ముద్ద కనిపించింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి డాక్టరు అరగంటకు పైగా కూర్చుని ఆ పొడిని కడిగి తీశారు, ఇక కుట్లు వేయలేనన్నారు, "ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా?" అని అందరి ముందూ మందలించారు. గాయం మానింది గాని నల్లటి మచ్చ మిగిలింది. నలుగురు పిల్లల్ని ఇలాగే పెంచానన్న అత్తగారు అప్పటినుంచి కోడలితో ముభావంగా ఉంటున్నారు. "బడిలో ప్రథమ చికిత్స పాఠం చెబుతావు, సొంత బిడ్డకు దెబ్బ తగిలితే బొమ్మలా నిలబడ్డావు" అని భర్త ఒకసారి అన్న మాట ఆవిడ మనసులోంచి పోవడం లేదు. బాబు కాస్త వేగంగా నడిచినా ఇప్పుడు ఆవిడకు గుండె దడ వస్తోందట.

ఆవిడ నాలుగు విషయాలు అడిగారు. మచ్చకు కారణం కాఫీ పొడేనా? తాను నిలబడిపోవడం వల్ల బిడ్డకు నష్టం జరిగిందా? టీకాలన్నీ సమయానికి వేయించిన బాబుకు ఆ టీటీ అవసరమేనా? తాను బడికి వెళ్లినప్పుడు బాబును చూసుకునేది అత్తగారే కాబట్టి, ఆవిడను నొప్పించకుండా రేపటి రోజుకు ఏం చేయాలి?

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. కాఫీ పొడి కూరి, కొంగుతో అదిమి పట్టుకున్నాక రక్తం ఆగిందని రాశారు. ఆ వాక్యంలో రెండు పనులున్నాయి. మీ ఇంట్లో ఐదు వారాలుగా నలుగుతున్నదంతా మొదటి పని గురించే. రక్తాన్ని ఆపింది మాత్రం రెండోది. చర్మం తెగగానే అక్కడి సన్నని రక్తనాళాలు వాటంతట అవే ముడుచుకుంటాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు తెగిన చోటికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని అడ్డుకట్ట వేస్తాయి. ఆ అడ్డుకట్ట మీద ఫైబ్రిన్ అనే పోగులు వలలా అల్లుకుని దాన్ని గట్టిపరుస్తాయి. ఇదంతా జరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోగా ప్రవాహం బలంగా ఉంటే కట్టీ కట్టని ఆ అడ్డుకట్ట కొట్టుకుపోతుంది. మీరు గోదావరి ఒడ్డున ఉన్నవారు. గండి పడినప్పుడు నీటి వేగాన్ని ముందు తగ్గించనిదే వేసిన మట్టి నిలవదన్న సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. గాయం మీద పైనుంచి పెట్టే ఒత్తిడి చేసే పని అదే. మీ అత్తగారు కదలకుండా అదిమి పట్టుకున్న ఆ కొద్ది నిమిషాల్లో గండి పూడింది. ఆవిడ నలుగురు పిల్లల విషయంలోనూ ఇదే జరిగి ఉంటుంది. చేతిలో పొడి ఉండటం వల్ల పేరు పొడికి వచ్చింది. ఉత్త గుడ్డతో అదిమినా రక్తం అలాగే ఆగేది.

మీరు చేసిన పొరపాటు కూడా ఇక్కడే తెలుస్తుంది. మీరు తువ్వాలు పట్టుకుని వచ్చారు, సరైన చోటే పెట్టారు, కాని తీసి చూశారు. తీసిన ప్రతిసారీ అప్పుడే అల్లుకుంటున్న పోగులు గుడ్డతో పాటు ఊడివచ్చి రక్తం మొదటికి వచ్చింది, అది చూసి మీ ధైర్యం ఇంకాస్త జారిపోయింది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. పిల్లల వైద్యంలో ఉన్న ఇన్నేళ్లలో, గడియారం చూసుకుని 10 నిమిషాలు గుడ్డ ఎత్తకుండా ఉన్న తల్లిదండ్రులు నాకు చాలా తక్కువమంది కనిపించారు. పాఠ్యపుస్తకంలో "గాయాన్ని నొక్కి ఉంచాలి" అని ఉంటుంది గాని, ఎంతసేపో, మధ్యలో ఎందుకు చూడకూడదో చాలాసార్లు ఉండదు. అందుకే పాఠం చెప్పే ఉపాధ్యాయురాలికి కూడా ఆ క్షణంలో పాఠం అక్కరకు రాలేదు.

రక్తం పరిమాణం గురించి కూడా తెలుసుకుంటే మీ భయం కొంత తగ్గుతుంది. నుదుటి మీదా తల మీదా చర్మం కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, కాబట్టి అక్కడ చిన్న గాయమైనా ధారగా కారుతుంది. నాలుగైదు చెంచాల రక్తం చాలు, చొక్కా ముందు భాగమంతా తడిసిపోయినట్టు కనిపిస్తుంది. పిల్లల ఒంట్లో కిలో బరువుకు సుమారు 75 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, అంటే 16 కిలోల బాబుకు దాదాపు లీటరుంపావు. నాలుగైదు చెంచాలు పోతే ప్రాణానికి వచ్చే ప్రమాదం లేదు. అయితే ఒక చిన్న టీ గ్లాసుడు పోయిందంటే పన్నెండో వంతు పోయినట్టే కాబట్టి, పెద్దవాళ్ల విషయంలో ఉన్నంత తీరిక పిల్లల విషయంలో ఉండదు. భయపడి నిలబడిపోవడానికీ, తేలిగ్గా తీసుకుని వదిలేయడానికీ మధ్యన ఉన్న పని ఒక్కటే, వెంటనే నొక్కడం.

ఆ పని ఎలా చేయాలో వివరంగా రాస్తాను, మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి వీపు మీ ఛాతీకి ఆనేలా పట్టుకోండి. దీనివల్ల వాడు పెనుగులాడినా తల కదలదు, మీ ముఖంలోని కంగారు కూడా వాడికి కనిపించదు. ఉతికి ఆరేసిన నూలు గుడ్డ ఏదైనా సరే, తువ్వాలు, చేతిరుమాలు, ఏదీ లేకపోతే కొంగు, మడతలు పెట్టి గాయం మీద ఉంచి అరచేత్తో గట్టిగా అదమండి. గడియారం చూసుకోండి, లేదా ఫోనులో 10 నిమిషాలకు అలారం గంట పెట్టమని పక్కనున్నవారికి చెప్పండి, ఎందుకంటే ఏడుస్తున్న బిడ్డను పట్టుకున్నవారికి రెండు నిమిషాలే అరగంటలా అనిపిస్తాయి. ఆ గంట మోగేదాకా గుడ్డ ఎత్తి చూడకండి. రక్తం గుడ్డలోంచి పైకి ఊరితే దాన్ని తీయకుండా పైన ఇంకో గుడ్డ వేసి మరింత గట్టిగా అదమండి. చేతికో కాలికో తగిలిన దెబ్బయితే నొక్కుతూనే ఆ భాగాన్ని కాస్త ఎత్తి పట్టుకోండి. 10 నిమిషాల తర్వాత మెల్లగా చూడండి, ఇంకా కారుతుంటే మరో 10 నిమిషాలు అదే పని చేయండి. అప్పటికీ ఆగకపోయినా, మొదట్లోనే రక్తం గుండె కొట్టుకున్నట్టు ఎగజిమ్మినా, పిల్లవాడు పాలిపోయి, ఒళ్లు చల్లబడి మగతగా అవుతున్నా గడియారంతో పని లేదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉచితంగా అందుతోంది. స్కూటరు మీద వెళ్లాల్సి వస్తే నడిపేవారు కాక బిడ్డను పట్టుకుని గాయాన్ని నొక్కడానికి ఇంకొకరు ఉండాలి, దారిలో చెయ్యి తీస్తే చేసిన పనంతా వృథా అవుతుంది.

గాయంలో గాజు పెంకో మేకో లోతుగా దిగి ఉంటే దాన్ని లాగకూడదు, దాని చుట్టూ నొక్కి అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తల మీద దెబ్బ తగిలినచోట ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు తెలిస్తే అక్కడ బలంగా అదమకూడదు, గుడ్డ కప్పి ఆసుపత్రికి బయలుదేరాలి. వేలు తెగితే దాని మొదలు దగ్గర దారమో రబ్బరు బ్యాండో బిగించి కట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానివల్ల వేలికి రక్తమే అందక నష్టం జరుగుతుంది కాబట్టి ఆ పని చేయవద్దు.

మీరు నాలుగు పేజీలు రాశారు, కాని ఒక విషయం ఎక్కడా లేదు. ఆ రోజు బాబు వాంతి చేసుకున్నాడా, మగతగా పడుకున్నాడా అని ఇంట్లో ఎవరూ చూసినట్టు లేదు. రక్తం కళ్లెదుట ఉండటంతో అందరి చూపూ దాని మీదే నిలిచింది. ఐదు వారాలు గడిచి బాబు ఆడుకుంటున్నాడు కాబట్టి ఇప్పుడు ఆందోళన అక్కర్లేదు. కాని నుదుటికో తలకో దెబ్బ తగిలినప్పుడు చీలిన చర్మం కంటే లోపలి మెదడు ముఖ్యం. దెబ్బ తగలగానే స్పృహ తప్పినా, ఒకటికి రెండుసార్లు వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారినా, పిలిస్తే సరిగా పలకకపోయినా గాయం ఎంత చిన్నదైనా సరే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఏడ్చి ఏడ్చి అలసిన పిల్లవాడు నిద్రపోవడం సహజమే. వాణ్ని బలవంతంగా మేలుకొలిపి కూర్చోబెట్టనక్కర్లేదు గాని, మధ్యమధ్యలో లేపితే లేచి మనల్ని గుర్తుపడుతున్నాడా అని ఆ ఒకటి రెండు రోజులు చూసుకోవాలి.

ఇక కాఫీ పొడి. దానివల్ల జరిగే నష్టం మూడు విధాలు. అది శుభ్రమైన మందు కాదు, డబ్బాలో ఎన్నో చేతులు పడిన ఆహార పదార్థం. తడిసి ముద్దకట్టి గాయం లోతునూ అంచులనూ కనబడనీయదు, కాబట్టి కుట్లు కావాలో లేదో చూసేవారికి తెలియదు. సన్నని రేణువులు కడిగినా పోకుండా కొత్త చర్మం కింద ఉండిపోతే పచ్చబొట్టులా నల్లటి చుక్కలు మిగలవచ్చు. పసుపుకూ ఇదే వర్తిస్తుంది. పసుపులోని గుణాల మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరిగిన మాట నిజమే, కాని వంటింటి డబ్బాలోని పసుపు ఆ పరిశోధనల్లో వాడిన పదార్థం కాదు. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న విషపు రంగు వంటివి కలిపిన పసుపు బజారులో పట్టుబడిన సందర్భాలు కూడా ఉన్నాయి. పొలం గట్ల మీద పెరిగే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండటం మా చిన్నతనంలో మేమూ చేశాం, ఆ ఆకు మీద నాకు ఇప్పటికీ అభిమానం ఉంది. కాని నేల మీద పాకే మొక్క కాబట్టి ఆ ఆకుతో పాటు మట్టి కూడా గాయంలోకి వెళుతుంది, ధనుర్వాతం సూక్ష్మజీవి ఉండేది ఆ మట్టిలోనూ పేడలోనూ. సున్నమైతే చర్మాన్నే కాలుస్తుంది. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి ఘాటుగా ఉన్నంత మాత్రాన బాగా పనిచేస్తాయని అనుకుంటాం గాని, అవి క్రిములతో పాటు గాయాన్ని మాన్పే కణాలనూ దెబ్బతీస్తాయి, బిడ్డకు మంటా మిగులుస్తాయి.

వీటన్నిటి స్థానంలో కావలసింది నీళ్లు. రక్తం ఆగాక, తాగడానికి పనికివచ్చే నీటిని చెంబుతో నాలుగైదు నిమిషాలు గాయం మీద ధారగా పోయాలి, చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో కడగాలి. చిన్న గీతలూ దోక్కుపోవడాలూ అయితే కడగడమే ముందు, నొక్కడం తర్వాత. రక్తం ధారగా కారుతుంటే నొక్కడమే ముందు. కడిగాక శుభ్రమైన గాజ్ గుడ్డతో, అంటే కట్లకు వాడే పలుచని నూలు గుడ్డతో, కప్పి ఉంచాలి. గాలి తగిలితే పుండు త్వరగా మానుతుందని మనవాళ్లు తెరిచి ఉంచుతారు. కాని 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, ఆరిపోయి పొక్కు కట్టిన గాయాల కంటే కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం వేగంగా పెరిగింది. అప్పటినుంచి గాయాలకు కట్టు కట్టే పద్ధతే మారింది. కుక్క కరిచిన గాయం సంగతి మాత్రం వేరు. దాన్ని వెంటనే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

మచ్చకు కాఫీ పొడే కారణమా అన్న ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో చెబితే మీ ఇంట్లో ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. కనుబొమ్మ పైన 3 సెంటీమీటర్లు చీలిన గాయం ఎంత బాగా కుట్టినా ఒక సన్నని గీత మిగిలేది. కుట్లు పడలేదు కాబట్టి ఆ గీత వెడల్పయింది. కుట్లు పడకపోవడానికి కాఫీ పొడి ఒక కారణం, మొదటిరోజు ఆర్‌ఎంపీ దగ్గర ఆగిపోవడం అంతకంటే పెద్ద కారణం. నోరు తెరుచుకున్న గాయాన్ని సాధారణంగా 6 నుంచి 8 గంటల లోపు కుట్టిస్తే మంచిది. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి శుభ్రంగా ఉంటే 24 గంటల వరకూ కుట్టే వీలుంటుంది. మర్నాడు మీరు వెళ్లేసరికి గాయం శుభ్రంగా లేదు, అలాంటి గాయాన్ని మూసి కుడితే లోపల చీము పట్టే ప్రమాదం ఉంది. ఆ డాక్టరు మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు గాని, కుట్టకూడదన్న వారి నిర్ణయం సరైనదే. నోరు తెరుచుకున్న గాయమైనా, ముఖం మీద సెంటీమీటరు దాటినదైనా, కొవ్వు కనిపించేంత లోతైనా, పెదవి అంచు మీదో కీలు మీదో ఉన్నదైనా అదే రోజు కుట్లు వేసే సదుపాయం ఉన్నచోటికి, మీ దగ్గరైతే ఏరియా ఆసుపత్రికి, తీసుకువెళ్లాలి. కొన్ని గాయాలకు సూది లేకుండా అంటించే పట్టీలూ చర్మపు జిగురూ కూడా సరిపోతాయి కాబట్టి, పిల్లవాడు సూదికి ఏడుస్తాడని ఆగవద్దు.

ఇప్పుడు మచ్చ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ చేయకుండా వేచి చూడటం మొదటిది. గాయం మచ్చ ఐదు వారాలప్పుడు ముదురు రంగులో, కాస్త గట్టిగా ఉండటం మామూలే. అది నెలల తరబడి మారుతూ, ఏడాది నుంచి ఏడాదిన్నరకు సద్దుమణుగుతుంది. ఇందులో ఖర్చు లేదు, ఓపిక కావాలి. రెండోది, చర్మవైద్యుల సలహాతో సిలికాన్ జెల్ వంటిది కొన్ని నెలలు వాడటం. అది మచ్చను కొంత మెత్తబరుస్తుంది గాని పూర్తిగా చెరిపివేయదు, రోజూ క్రమం తప్పకుండా రాయాలి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ఎండలోకి వెళ్లేటప్పుడు టోపీ తప్పనిసరి, ఎందుకంటే కొత్త చర్మం మీద ఎండ పడితే నలుపు ముదురుతుంది. మూడోది ప్లాస్టిక్ సర్జన్‌ను కలవడం. మచ్చ మారడం ఆగి పూర్తిగా స్థిరపడ్డాకే దాన్ని సరిచేయడం గురించి వారు ఆలోచిస్తారు కాబట్టి ఇప్పుడు తొందరపడి లాభం లేదు. అయితే చర్మం కింద నల్లటి చుక్కలు విడివిడిగా కనిపిస్తుంటే మాత్రం చర్మవైద్యులకు ఇప్పుడే చూపించండి. బజారులో మచ్చలు పోతాయని అమ్మే క్రీముల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు ఉంటాయి, వాటిని మీ అంతట మీరు రాయకండి.

టీటీ గురించి చాలా ఇళ్లలో ఒక అపోహ ఉంది, మీ ప్రశ్న దాన్ని సరిగ్గా పట్టుకుంది. మన టీకాల పట్టిక ప్రకారం బాబుకు 6, 10, 14 వారాలప్పుడు పెంటావాలెంట్, ఏడాదిన్నర ప్రాంతంలో డీపీటీ బూస్టర్ పడి ఉంటాయి, వాటిలో ధనుర్వాతం టీకా ఉంది. చివరి మోతాదు పడి మూడేళ్లే అయింది కాబట్టి మురికి గాయమైనా ఆ రోజు మరో ఇంజెక్షన్ అవసరం లేదు. వేసినందువల్ల హాని కూడా లేదు. హాని ఎక్కడుందంటే, టీటీ పడింది కదా అని గాయాన్ని కడగకుండా ప్లాస్టర్ వేసి పంపడంలో ఉంది. ఆ ఇంజెక్షన్ రక్తాన్ని ఆపదు, చీము పట్టకుండా చూడదు, ధనుర్వాతం నుంచి కూడా వెంటనే కాక శరీరం స్పందించాకే రక్షిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము గీసుకుంటేనే ధనుర్వాతం వస్తుందన్నది కూడా నిజం కాదు, మట్టి, పేడ అంటిన ఏ గాయంలోనైనా ఆ ప్రమాదం ఉంటుంది. టీకాలు పడని పిల్లలకు మాత్రం మురికి గాయమైతే టీకాతో పాటు, వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇవ్వాల్సి రావచ్చు.

ఇక మీ ఉత్తరంలోని అసలు బరువంతా మోస్తున్న ప్రశ్న, అత్తగారితో ఏం చేయాలన్నది. డాక్టరు అన్న మాటలను ఆధారంగా చూపించి, ఇకపై వంటింటి పొడులు వాడవద్దని మీరు గట్టిగా చెప్పవచ్చు. మాట నెగ్గుతుంది, కాని పరాయిచోట ఒకసారి అవమానపడిన మనిషికి ఇంట్లో అదే అవమానం మళ్లీ జరిగినట్టవుతుంది. ఇలాంటి ఇళ్లలో తర్వాత జరిగేది నేను చూశాను. మీరు బడిలో ఉండగా బాబుకు దెబ్బ తగిలితే సాయంత్రం దాకా మీకు చెప్పరు, టోపీ పెట్టి దాస్తారు. కాఫీ పొడి కంటే ఆ దాపరికం బిడ్డకు ఎక్కువ ప్రమాదం. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు, దానివల్ల ఇప్పటికి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కాని ఈసారి గాయంలో మళ్లీ పొడే పడుతుంది. మీ భర్త చేత చెప్పించవచ్చు, కొడుకు మాట కాబట్టి వింటారు, కాని వెనకనుంచి మీరే చెప్పించారన్న అనుమానం మిగలవచ్చు.

నాకు సబబుగా తోచే దారి ఇంకొకటి ఉంది. అది సులువని చెప్పను, ఎందుకంటే మీ నొప్పిని కాసేపు పక్కన పెట్టి మొదలుపెట్టాల్సి ఉంటుంది. ఆ రోజు మీ కాళ్లు కదలనప్పుడు బిడ్డను ఒళ్లోకి తీసుకున్నది ఆవిడే. "అత్తయ్యా, ఆ రోజు రక్తం ఆగింది మీ చెయ్యి వల్లేనట, పొడి వల్ల కాదట, నేను పదేపదే గుడ్డ తీసి చూడటం వల్లే ఆగలేదట" అని మీరు చెబితే, అందులో ఒక్క అబద్ధమూ లేదు. నొక్కే పని ఆవిడదేనని ఒప్పుకుని, కూరే పనిని మాత్రం ఆపమని అడుగుతున్నారు. పొడి డబ్బా కోసం వెళ్లే అలవాటున్న చేతికి అందుకోవడానికి ఇంకేదో ఉండాలి కాబట్టి, కాఫీ పొడి ఉండే అలమరలోనే ఒక స్టీలు డబ్బాలో స్టెరైల్ గాజ్ గుడ్డలు, చుట్టు కట్టు, అంటించే టేపు, కత్తెర, ఒక సెలైన్ సీసా, చిన్న గాయాలకు పట్టీలు పెట్టండి. ఆ డబ్బాను ఆవిడకే అప్పగించండి. మీ ఊరి ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో ఇంటికి వచ్చినప్పుడు ఈ విషయాలు వారి నోటితో కూడా వినిపిస్తే, కోడలి మాటగా కాక ఊరంతటికీ చెప్పే మాటగా ఉంటుంది. ఇంత చేసినా ఆవిడ పసుపు మానకపోవచ్చు. అప్పుడు కనీసం నోరు తెరుచుకున్న గాయంలో మాత్రం ఏదీ వేయకూడదన్న ఒక్క హద్దు దగ్గర నిలబడండి, పైపై గీతల మీద పసుపు గురించి పోట్లాడకండి.

మీ భర్త అన్న మాట బాధపెట్టేదే, కాని ఆయన కూడా అరగంట ఆలస్యంగా వచ్చానన్న బాధతోనే ఆ మాట అని ఉండవచ్చు. తప్పు ఎవరిదని తేల్చుకోవడం కంటే, ఈసారి ఎవరు నొక్కాలి, ఎవరు ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి అని ముగ్గురూ కూర్చుని ముందే అనుకోవడం మేలు. ఆ ఆదివారం గాయాన్ని అదే రోజు ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు. ఆ ఒక్క విషయంలో ముగ్గురిదీ సమాన బాధ్యతే.

నిలబడిపోవడం గురించి మీరు మిమ్మల్ని చాలా కఠినంగా తీర్పు తీర్చుకున్నారు. హఠాత్తుగా వచ్చిపడిన ప్రమాదానికి కొందరి శరీరం పరుగుతో స్పందిస్తుంది, కొందరిది బిగుసుకుపోతుంది, అది ప్రేమకు కొలత కాదు. చేతులు ముందే ఒకసారి చేసిన పనిని అలాంటి క్షణంలో కూడా చేయగలుగుతాయి. అందుకే ఒక ఆదివారం ఇంట్లో అభ్యాసం పెట్టుకోండి. మీ భర్త ముంజేతి మీద గుడ్డ పెట్టి, ఫోనులో గంట పెట్టుకుని, పూర్తిగా 10 నిమిషాలు అదిమి చూడండి. ఆ సమయం ఎంత పొడవో, చెయ్యి ఎప్పుడు లాగుతుందో, ఎప్పుడు తీసి చూడాలనిపిస్తుందో మీకే తెలుస్తుంది. తర్వాత అత్తగారి చేత కూడా అదే చేయించండి, ఆపైన బాబు చేత వాడి బొమ్మకు కట్టు కట్టించండి. బాబు పరుగును ఆపాలని చూడకండి, దానికి బదులు కడిగిన గచ్చు ఆరేదాకా వంటింటి తలుపు మూసి ఉంచడం, గట్టు మూలకు రబ్బరు తొడుగు వేయించడం వంటివి చేయండి. ఇన్నీ చేసినా మరో రెండు మూడు వారాలకు కూడా ఆ దృశ్యం పదేపదే కళ్ల ముందుకు వచ్చి నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు, డబ్బు తీసుకోరు.

బాబుకు ఐదేళ్లు నిండగానే డీపీటీ రెండో బూస్టర్ వేయించాల్సి ఉంటుంది. ఆ రోజు టీకాల కార్డుతో పాటు ఆర్‌ఎంపీ వైద్యుడు టీటీ వేసిన తేదీ కూడా రాసుకుని వెళ్లి, బూస్టర్ ఎప్పుడు వేయాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరునే అడగండి. వీలైతే అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి.